శ్రుతి దాగిన ఇత్తడి నాలుకలు

పద్యనాటకాలు చూసినవారికి హార్మోనియాన్ని పరిచయం చేయనక్కరలేదు. మరి ఆ పెట్టెకు ఎవరు, దేనితో శ్రుతి చేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? వీణకు బిరడాలున్నాయి. హార్మోనియానికి తిప్పడానికి పైన ఏమీ లేదు. దాని శ్రుతి అంతా లోపలి ఇత్తడి రీడ్లలో ఉంటుంది.

రీడు అంటే ఒక చిన్న ఇత్తడి చట్రం, దానికి ఒక చివర బిగించిన పలుచని నాలుక. తిత్తి నుంచి వచ్చే గాలికి ఆ నాలుక చట్రంలోని చీలికలో ఇటూ అటూ ఊగి, గాలిని తెంపులు తెంపులుగా వదులుతుంది. మనకు వినిపించే స్వరం అదే. మౌత్ ఆర్గాన్‌లో ఉన్నదీ ఈ ఏర్పాటే.

ఈ సూత్రం ఆసియాలో చాలా పాతది. చైనా వాద్యం 'షెంగ్'లో నాలుక కొనకు మైనం అంటించి శ్రుతి సరిచేస్తారు. 18వ శతాబ్దంలో ఈ వాద్యం ఐరోపా చేరింది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ హార్మోనియానికి పేటెంటు పొందాడు. అది కాళ్లతో తొక్కే వాద్యం. 19వ శతాబ్దపు చివరి పాదంలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ వాయించేలా మలిచాడు. అలా అది భజన మందిరాలకూ నాటక సమాజాలకూ చేరింది.

రీడుకు శ్రుతి చేయడంలో ఉన్న శాస్త్రం సులభమే. నాలుక కొన దగ్గర కాస్త గీకితే బరువు తగ్గి వేగంగా ఊగుతుంది, స్వరం పెరుగుతుంది. మొదలు దగ్గర గీకితే బిగువు తగ్గి నెమ్మదిగా ఊగుతుంది, స్వరం దిగుతుంది.

ఈ పనికి కావలసిన పనిముట్లను చాలామంది మెకానిక్కులు తామే తయారు చేసుకుంటారు. విరిగిన రంపపు బ్లేడును సానబెడితే గీకుడు కత్తి అవుతుంది. గీకేటప్పుడు నాలుక వంగకుండా కింద దూర్చడానికి పలుచని ఉక్కు రేకు ఉంటుంది. మంద్రస్థాయి నాలుక పొడవు, తారస్థాయి నాలుక పొట్టి. అందుకే పనిముట్టు రీడుకూ, పనివాడి చేతికీ కుదరాలి. ఇక కొలబద్ద చెవే. సెకనుకు 240, 242 కంపనాల రీడ్లు రెండింటిని కలిపి మోగిస్తే, నాదం సెకనుకు రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది. అది ఆగేదాకా గీకుతారు.

ఈ గీతలకు మన సంగీత చరిత్రలోనూ చోటుంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. వాద్యంపై వచ్చిన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి రెండు: గమకం పలకదు, స్వరస్థానాలు మనవి కావు. మొదటిది నిజం. మెట్టు మీద స్వరం జారదు. రెండోదాన్ని లెక్కవేసి చూడండి. షడ్జమం 240 అయితే, దానికి 5/4 వంతుగా వచ్చే అంతర గాంధారం 300. స్థాయిని 12 సమాన నిష్పత్తులుగా పంచే పాశ్చాత్య పద్ధతిలో అది 302.4. ఆ 2.4 కంపనాల తేడా నాలుక మొదట్లో కొద్ది గీతలతో పోతుంది. అంటే దోషం పెట్టెది కాదు, దానికి చేసిన శ్రుతిది.

అయితే ఒక చిక్కుంది. ఒక షడ్జమానికి సరిచేసిన రీడ్లు మరో షడ్జమానికి సరిపోవు. నాటకంలో ఒక్కో నటుడిది ఒక్కో శ్రుతి. అందరికీ అంతో ఇంతో కుదిరేది సమాన విభజనే. మెకానిక్కు ఏ శ్రుతి ఎంచినా ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

ఇవాళ సెల్‌ఫోను కూడా కంపనాలు లెక్కపెట్టి చూపిస్తుంది. కాని ఎక్కడ, ఎంత గీకాలో తెలిసినది చేతికే. గీకిన ఇత్తడి మళ్లీ అతకదు. మీ హార్మోనియం ఈసారి మరమ్మతుకు వెళ్లినప్పుడు, ఆ రంపపు బ్లేడు ముక్కను ఒకసారి అడిగి చూడండి. మీరు వినే గాంధారాన్ని నిర్ణయించేది అదే.