రాట్‌వైలర్: పని పోయిన కుక్క కథ

ఈరోజు శుక్రవారం సెలవు, అందుకే కొంచెం పెద్ద పోస్టు పెడుతున్నా. ఓపికగా చదవండి అన్నలూ, తమ్ముళ్లూ.

గల్ఫ్ పైసలతో ఊళ్లో ఇల్లు కట్టినవాళ్లు ఈమధ్య గేటు కాడికి రాట్‌వైలర్ కొనాలంటున్నారు. కొనేముందు దాని కథ తెలుసుకోండి. ఈ కుక్క పుట్టింది గేటు కాడ కూర్చోవడానికి కాదు, పశువులను తోలడానికి.

జర్మనీలో నైరుతి మూలకు, నెకార్ నది ఒడ్డున రాట్‌వైల్ అనే ఊరుంది. క్రీ.శ. 73లో రోమన్లు అక్కడ స్థావరం పెట్టారు. సైన్యం తిండి కోసం వాళ్లు వెంట తోలుకొచ్చిన మందలను కాసిన కుక్కలే వీటి పూర్వీకులని చెప్తారు. తర్వాత ఆ ఊరు పశువుల వ్యాపారానికి పేరుపడ్డది. కసాయివాళ్లు కొన్న పశువులను ఈ కుక్కలే తోలుకొచ్చేవి, మాంసం బండ్లూ లాగేవి. పైసల సంచి కుక్క మెడకు కడితే దొంగలు దగ్గరికి రాకపోయేవాళ్లని అక్కడి మాట. అందుకే దీన్ని రాట్‌వైల్ కసాయి కుక్క అన్నారు. మన ఇంటిపేర్లలో ఊరి పేర్లు ఉన్నట్టే దీనికీ ఊరి పేరు మిగిలింది.

19వ శతాబ్దంలో రైలు వచ్చింది. పశువులు రైలెక్కాయి. రోడ్ల మీద మందలు తోలొద్దని ఆంక్షలు పడ్డాయి. పని లేని కుక్కకు తిండి ఎవరు పెడతారు? 20వ శతాబ్దం మొదలయ్యేసరికి సొంత ఊళ్లోనే ఇది దాదాపు కనబడకుండా పోయింది. మగ్గం ఆగితే మన నేతన్నలు భీవండి బస్సెక్కినట్టు, ఇదీ కొత్త పని చూసుకోవాల్సి వచ్చింది.

పోలీసుల్లో పని దొరికింది. 1910లో జర్మనీలో దీన్ని పోలీసు కుక్కగా గుర్తించారు. 1921లో ఏడీఆర్‌కే అనే సంఘం పెట్టి, పని చేయగలిగే కుక్కలనే ముందుకు తెచ్చారు. అంటే దీన్ని బతికించింది కోపం కాదు, పనితనం.

స్వభావం కూడా అట్లాంటిదే. ఊరికే మొరగదు. కొత్త మనిషిని నిలబడి చూస్తది, అంచనా వేసుకుంటది. ఇంటోళ్లంటే ప్రాణం. పశువులను ఒంటి బరువుతో నెట్టిన అలవాటుకు, ప్రేమ వచ్చినా మీద ఒరుగుతది. మగది 50 కిలోల దాకా ఉంటది, చిన్న పిల్లలు కింద పడతారు. చిన్నప్పటి నుంచే మనుషులను, బండ్లను, చప్పుళ్లను అలవాటు చేయాలి. పొద్దంతా గొలుసుకు కట్టేస్తే మాత్రం భయమూ కోపమూ రెండూ పెరుగుతాయి. అప్పుడు కరిస్తే జాతి చెడ్డదంటారు.

నేను పనిచేసే విల్లాలో ఒకటుంది, దాన్ని తిప్పే పని నాదే. దీనికి రెండు పొరల నల్ల బొచ్చు, ఎండ అస్సలు తట్టుకోదు. ఎండాకాలం తెల్లవారకముందే తిప్పుతా, మళ్లీ చీకటి పడ్డాకే. రోడ్డు మీద అరచెయ్యి వెనక్కి తిప్పి పెట్టి చూస్తా, ఐదు సెకన్లు ఆగలేకపోతే కుక్కను దింపను. ఊళ్లో పెంచేవాళ్లు కూడా మధ్యాహ్నం నీడ, చల్లటి నీళ్లు చూడాలి. పిల్లకు పార్వో టీకా మరవొద్దు, ఈ జాతికి ఆ జబ్బు ముప్పు ఎక్కువ. తొందరగా లావెక్కాలని ఎక్కువ తినిపిస్తే తుంటి కీళ్లు దెబ్బతింటాయి. బతికేది తొమ్మిది, పదేళ్లు.

ఇప్పుడు ఒక లెక్క వేసుకోండి. మీరు ఇక్కడ, కుక్క అక్కడ. రోజూ రెండు పూటలా దాన్ని తిప్పేదెవరు? 50 కిలోల కుక్క గుంజితే ముసలి అమ్మానాన్నలు ఆపగలరా? దానికి పని చెప్పే మనిషి ఇంట్లో ఉంటేనే కొనండి. లేదంటే గేటుకు మంచి తాళం, ఒక లైటు చాలు.