ఇరుసు నుంచి డిఫరెన్షియల్ వరకు: కృష్ణపట్నం రవాణా నేపథ్యంలో ఒక వృత్తిజ్ఞాన చరిత్ర

ఉపోద్ఘాతం:

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం 2008లో ఆధునిక ఓడరేవుగా కార్యకలాపాలు ప్రారంభించింది. తొలి సంవత్సరాల్లో ఇనుప ఖనిజం ఎగుమతి, ఆ తర్వాత బొగ్గు దిగుమతి ఈ రేవులో ప్రధానమయ్యాయి. రేవుల చరిత్రలో ఓడలకూ, పెట్టుబడులకూ, సరకుల లెక్కలకూ చోటు దొరుకుతుంది. సరకు మోసే లారీ ఇరుసును సరిచేసే శ్రామికుని జ్ఞానానికి ఆ చోటు దక్కలేదు. దాన్ని కూడా చారిత్రక ఆధారంగా గుర్తించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇరుసు - మారిన స్వరూపం:

ఎద్దుబండి చక్రాలు ఇరుసు కొసల మీద వేటికవి తిరుగుతాయి. బండిని లాగే బలం కాడి నుంచి వస్తుంది. కాబట్టి మలుపులో ఒక చక్రం ఎక్కువగా, మరొకటి తక్కువగా తిరిగినా చిక్కు లేదు. యంత్రబలంతో చక్రాలనే తిప్పవలసి వచ్చినప్పుడు సమస్య మొదలైంది. రెండు చక్రాల మధ్య దూరం 1.8 మీటర్లయితే, లంబకోణపు మలుపులో బయటి చక్రం లోపలిదానికంటే సుమారు 2.8 మీటర్లు ఎక్కువ నడవాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే టైర్లు అరిగిపోతాయి, ఇరుసుపై మెలి పడుతుంది. దీనికి పరిష్కారంగా ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెక్యూర్ 1820వ దశకంలో ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్ అమరికను రూపొందించాడు.

మన దేశంలో 1948లో మద్రాసు కేంద్రంగా అశోక్ మోటార్స్ ఏర్పడింది. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో టెల్కో లారీల తయారీ చేపట్టింది. లారీలతో పాటు వాటిని విప్పి బిగించే కొత్త వృత్తి తెలుగునాట విస్తరించింది. విజయవాడ ఆటోనగర్ దానికి ప్రసిద్ధ కేంద్రం.

అమరికలోని జ్ఞానం:

ఇంజను బలాన్ని పినియన్ అనే చిన్న గేరు, క్రౌన్ అనే పెద్ద గేరుకు అందిస్తుంది. పినియన్‌కు 6, క్రౌన్‌కు 41 పళ్లుంటే వేగం 6.83 రెట్లు తగ్గి, తిప్పే బలం ఆ మేరకు పెరుగుతుంది. ఈ రెండూ జంటగా ఒరిపిడి పట్టి తయారవుతాయి. అందుకే ఒకటి పాడైతే రెండూ మార్చాలి.

అమరికకు ఒక క్రమం ఉంది. మొదట పలుచని షిమ్ములతో పినియన్ లోతును నిర్ణయిస్తారు. తర్వాత దాని బేరింగులకు తగిన బిగువు ఇస్తారు. ఆపైన క్రౌన్‌ను అటూ ఇటూ జరిపి, పళ్ల మధ్య ఖాళీని డయల్ గేజితో కొలుస్తారు. భారీ వాహనాల్లో ఇది సాధారణంగా 0.20 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చివరగా పళ్లకు రంగు పూసి, తిప్పి, పడిన అచ్చును పరిశీలిస్తారు. అచ్చు క్రౌన్ పంటి శిఖరాన పడితే పినియన్ దూరంగా ఉందని, మొదట్లో పడితే మరీ దగ్గరగా ఉందని అర్థం.

ఇక్కడే అసలు నైపుణ్యం ఉంది. బరువు పడినప్పుడు అచ్చు పంటి బయటి కొస వైపు జరుగుతుంది. అందువల్ల షెడ్డులో బరువు లేకుండా చూసేటప్పుడు అది కొద్దిగా లోపలి కొస వైపు ఉండాలి. కనిపిస్తున్న గుర్తు నుంచి రాబోయే భారాన్ని ఊహించడమే ఈ పని. పరిమితికి మించిన బరువు వేస్తే ఆ ఊహకు ఆధారం పోతుంది. చక్కగా అమర్చిన పళ్లు కూడా విరగవచ్చు. అప్పుడు నింద పనివాడి మీద పడుతుంది. లోపం అమరికదా, అదనపు భారానిదా అని తేల్చడానికి విరిగిన పన్ను మీది గుర్తులే సాక్ష్యం.

ముగింపు:

2019లో ఓబులవారిపల్లె - వెంకటాచలం రైలుమార్గం పూర్తయి, వెలికొండల మీదుగా రేవుకు దగ్గరి దారి ఏర్పడింది. రవాణా స్వరూపం మారుతున్నకొద్దీ దాన్ని ఆశ్రయించిన వృత్తులూ మారతాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం, 1971లో చేనేత పదకోశం వెలువడ్డాయి. ఆ పద్ధతిలో మోటారు వృత్తి పదజాలాన్నీ సేకరించవలసి ఉంది. భాగాల పేర్లు ఆంగ్లం నుంచి వచ్చినవే కావచ్చు. అయితే పన్ను, బిగువు, వదులు, ఒరిపిడి, అరుగుదల, అచ్చు వంటి మాటలతో ఈ పనినంతా తెలుగులోనే వివరించవచ్చు. ఈ జ్ఞానం చేతి నుంచి చేతికి అందేది. చేతులు మారే లోపే దాన్ని నమోదు చేయడం భాషా పరిశోధకుల బాధ్యత.