ఒక్క చెవే వినబడటం లేదా? అకౌస్టిక్ న్యూరోమా గురించి భైంసా కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

భైంసాలో ఎవరికైనా చెవి మందగిస్తే ఇంట్లో చెప్పే కారణాలు మూడే. గుబిలి నిండింది, వయసు మీద పడింది, లేకపోతే జిన్నింగ్ మిల్లు మోతకు చెవులు పోయాయి. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది కూడా. అయితే వయసు గానీ, మిల్లు మోత గానీ సాధారణంగా రెండు చెవులనూ దెబ్బతీస్తాయి. ఒక్క చెవే నెలల తరబడి మెల్లగా తగ్గుతూ, అదే చెవిలో గుయ్‌మనే శబ్దం ఆగకుండా వస్తుంటే మాత్రం మరో అనుమానం కూడా పెట్టుకోవాలి. దాని పేరు అకౌస్టిక్ న్యూరోమా. డాక్టర్లు వెస్టిబ్యులర్ ష్వానోమా అని కూడా రాస్తారు.

లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే ఎనిమిదో నరం మీద, ఆ నరానికి తొడుగులా ఉండే కణాల నుంచి పుట్టే గడ్డ ఇది. క్యాన్సర్ కాదు, ఒళ్లంతా పాకదు. సగటున ఏడాదికి 1 నుంచి 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కొన్నయితే ఏళ్లు గడిచినా కదలవు. ఏడాదిలో లక్ష మందిలో ఒకరిద్దరికి బయటపడే అరుదైన జబ్బు. ఇబ్బందంతా అది ఉన్న చోటుతోనే. పక్కనే ముఖాన్ని కదిలించే నరం ఉంటుంది, ఇంకాస్త లోపల మెదడు కాండం. గడ్డ పెద్దదైతే ముఖం మొద్దుబారుతుంది, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. మెదడులో నీరు నిలిచి ప్రాణం మీదికి రావచ్చు.

మొదటి గుర్తు తరచుగా ఫోన్ దగ్గరే దొరుకుతుంది. ఒక చెవికి పెట్టుకుంటే మాట స్పష్టంగా ఉంటుంది. రెండో చెవికి మారిస్తే శబ్దం వస్తుంది గానీ మాట అర్థం కాదు. ఎవరైనా పిలిస్తే ఏ వైపు నుంచి పిలిచారో తెలియక అటూ ఇటూ చూస్తారు. గిర్రున తిరిగే చక్కర్ తక్కువ. గడ్డ మెల్లగా పెరుగుతుంది కాబట్టి మెదడు సర్దుకుంటుంది. చీకట్లో నడిచేటప్పుడు, నమాజులో సజ్దా నుంచి లేచేటప్పుడు కాస్త తూలినట్టు ఉంటుంది, అంతే. దాన్ని బీపీ అనుకుని ఊరుకుంటారు. ఒక్క రాత్రిలోనే ఒక చెవి మూసుకుపోతే మాత్రం ఆగకూడదు. అలాంటి వాళ్లలో కొద్దిమందికే ఈ గడ్డ ఉంటుంది. కారణం ఏదైనా స్టెరాయిడ్ మందులు తొలి రోజుల్లో, ఆలస్యమైనా రెండు వారాల్లోపు మొదలైతేనే ఎక్కువ ఫలితం. అందుకే వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోవాలి.

పరీక్షల్లో మొదటిది ఆడియోగ్రామ్. ఖర్చు తక్కువ, నొప్పి ఉండదు. రెండు చెవుల గీతల మధ్య తేడా గట్టిగా ఉంటే తర్వాతి మెట్టు ఎమ్మారై. సీటీ స్కాన్‌లో చిన్న గడ్డలు తప్పిపోతాయి. సీటీ చవకని అదే చేయించుకుని 'ఏమీ లేదు' అనుకుంటే ఆ ధీమా మంచిది కాదు. ఎమ్మారైకి కొన్నిసార్లు గాడోలినియం సూది ఇస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

భైంసా నుంచి జనం నిర్మల్, నిజామాబాద్‌కు, చాలామంది నాందేడ్‌కు కూడా వెళ్తారు. చెవి పరీక్షకు ఎక్కడికి పోయినా ఫరవాలేదు. ఆపరేషన్ దాకా వస్తే లెక్క వేరు. ఆరోగ్యశ్రీ తెలంగాణ పథకం. 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలు. మెదడు గడ్డల ఆపరేషన్లు జాబితాలో ఉన్నాయి. నాందేడ్‌లో అడ్వాన్స్ కట్టేముందు, ఆ ఆసుపత్రిలో మన కార్డు చెల్లుతుందా లేదా ఆరోగ్యమిత్రను అడగాలి. హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ దవాఖాన, పంజాగుట్ట నిమ్స్‌లోని న్యూరోసర్జరీ విభాగం ప్రభుత్వ దారులు.

గడ్డ ఉందని తేలగానే ఆపరేషన్ అని హడలిపోవాల్సిన పని లేదు. ఈ విషయంలో గత కొన్నేళ్ల పరిశోధన నిజంగా ఊరటనిచ్చింది. నార్వేలోని బెర్గెన్‌లో 2 సెంటీమీటర్లలోపు గడ్డ ఉన్న 100 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే గామా నైఫ్ రేడియేషన్ ఇచ్చారు. రెండో జట్టును స్కాన్లతో గమనిస్తూ, గడ్డ పెరిగితేనే చికిత్స చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. నాలుగేళ్లకు రేడియేషన్ జట్టులో గడ్డలు చిన్నవయ్యాయి. వినికిడిలో, రోజువారీ జీవితంలో మాత్రం రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆగిన జట్టులో సగానికి పైగా మందికి ఆ నాలుగేళ్లలో ఏ చికిత్సా అవసరం పడలేదు. చిన్న గడ్డకు 'ఆగి చూద్దాం' అనే డాక్టర్ చేతకాక అంటున్నట్టు కాదు. ఆగడమంటే చెప్పిన తేదీకి ఎమ్మారై తీయించుకోవడం. అది మానేస్తే దాన్ని చికిత్స అనలేం.

గామా నైఫ్‌లో కత్తి ఉండదు. సన్నని కిరణాలు అన్ని వైపుల నుంచి గడ్డ మీద కలుస్తాయి. సాధారణంగా ఒక్క రోజు పని. స్వీడన్ డాక్టర్ లార్స్ లెక్సెల్ 1969లో ఈ గడ్డకు మొదటిసారి వాడాడు. ఇప్పుడు తక్కువ మోతాదుతోనే నూటికి తొంభైకి పైగా గడ్డలు అదుపులో ఉంటున్నాయి. ఢిల్లీ ఎయిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్‌లలో ఈ సౌకర్యం ఉంది. సుమారు 3 సెంటీమీటర్లు దాటి మెదడు కాండాన్ని నొక్కుతున్న గడ్డకు ఆపరేషనే దారి. మన దేశంలో పెద్ద ఆసుపత్రులకు వచ్చేవాటిలో పెద్ద గడ్డలే ఎక్కువ, ఎందుకంటే జనం ఆలస్యంగా వస్తారు. ముఖం నరాన్ని కాపాడటం గడ్డ పరిమాణం మీద, సర్జన్ చేతి అలవాటు మీద ఆధారపడి ఉంటుంది. 'ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? ఆపరేషన్‌లో ముఖం నరాన్ని చూసే మానిటర్ వాడతారా?' అని అడగడం మర్యాద తప్పడం కాదు.

మన ఇళ్లలో వచ్చే ఇంకో ప్రశ్న: దగ్గరి సంబంధం చేసుకున్నందుకే వచ్చిందా? కాదు. ఎక్కువ మందిలో ఇది వారసత్వంగా రానే రాదు. రెండు చెవుల వైపూ గడ్డలు వచ్చే ఎన్‌ఎఫ్2 అనే రకమే జన్యువుతో వస్తుంది. ఆ జన్యువును 1993లో గుర్తించారు. అందులోనూ తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వస్తే చాలు. సాధారణంగా ప్రతి బిడ్డకూ సగం అవకాశం. దాదాపు సగం మందిలోనైతే ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా పుడుతుంది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు, కోడలిని నిందించడానికీ ఆధారం లేదు. ఎన్‌ఎఫ్2 రోగుల కోసం మందులు కూడా వస్తున్నాయి. బెవాసిజుమాబ్ సూదితో కొందరి వినికిడి మెరుగైనట్టు 2009లో తేలింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు బ్రిగాటినిబ్‌ను 40 మందికి ఇచ్చి చూసిన ఫలితాలు 2024లో వచ్చాయి. కొన్ని గడ్డలు తగ్గాయి. చిన్న పరీక్ష కాబట్టి మామూలు ఒంటి చెవి గడ్డకు ఈ మందులు అడగడం ఇప్పటికైతే తొందరపాటే.

పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. వినబడని వైపు శబ్దాన్ని పట్టి మంచి చెవికి పంపే క్రాస్ అనే మిషన్లు ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత ముఖం ఒకవైపు వాలితే ముందు కన్నును కాపాడుకోవాలి. పగలు చుక్కలు వేయాలి, రాత్రి రెప్పను మూసి టేప్ వేయాలి. వికలాంగుల పెన్షన్ కోసం సర్టిఫికెట్ గురించి అడిగేవాళ్లు ఉన్నారు. 2016 చట్టం వినికిడి లోపాన్ని రెండు చెవుల లెక్కన చూస్తుంది. ఒక చెవి పూర్తిగా పోయినా, రెండోది బాగుంటే ఆ నిర్వచనంలోకి రారు.