జబాన్ వేరు, రస్ముల్‌ఖత్ వేరు

మా అబ్బాజాన్ రేడియోకు వచ్చిన పని ఒక్కటే. లోపలి కాయిల్స్, కండెన్సర్లు దేనికోసం బిగించారో అదే చేసేది. రాత్రిపూట షార్ట్‌వేవ్‌లో ఆకాశవాణి ఉర్దూ సర్వీస్ వినిపించేది. కొత్త హునర్ నేర్పుదామంటే దానికి రాదు.

1990ల మొదట్లో జోసెఫ్ మిటోలా అనే అమెరికన్ ఇంజనీరు ‘సాఫ్ట్‌వేర్ రేడియో’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. యాంటెన్నా పట్టిన తరంగాన్ని అంకెలుగా మార్చాలి. స్టేషన్ ఎంచుకోవడం, రొద వడకట్టడం, మాటను బయటికి తీయడం అంతా ప్రోగ్రామే చేయాలి. ప్రోగ్రామ్ మారిస్తే రేడియో మారినట్టే.

ఈ ఖ్వాబ్ వెనక ఫౌజీ జరూరత్ ఉంది. 1983లో గ్రెనడా మీద దాడికి వెళ్ళిన అమెరికా దళాల రేడియోలు ఒకదానితో ఒకటి సరిగా మాట్లాడుకోలేకపోయాయి. 1990లలో అమెరికా సైన్యం ‘స్పీక్‌ఈజీ’ మొదలుపెట్టింది. పదికి పైగా రకాల రేడియోల పనిని ఒకే పెట్టె చేయాలన్నది మక్సద్. కానీ ఒక చిప్ కోసం రాసిన ప్రోగ్రామ్ ఇంకో చిప్ మీద నడవదు. చిప్ ఉమర్ కొన్నేళ్ళు, ఫౌజీ రేడియో ఉమర్ దశాబ్దాలు. చిప్‌తో పాటే మెహనత్ అంతా బర్బాద్.

ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఇది నాకు తేలిగ్గానే అర్థమైంది. జబాన్ వేరు, రస్ముల్‌ఖత్ వేరు. పైన ‘ఖ్వాబ్’ అని తెలుగు లిపిలో రాశాను, మీకు మతలబ్ అందింది కదా! ఇంజనీర్లకు కావలసిందీ అదే.

1997లో మొదలైన ‘జేటీఆర్‌ఎస్’ పథకం ఇందుకోసం ఒక ఖానూన్ రాసింది. ప్రోగ్రామ్ నేరుగా పెట్టెతో మాట్లాడకూడదు, మధ్యలో ఒక తర్జుమాన్ పొర ఉండాలి. ఉసూల్ మంచిదే. కానీ పొర పెరిగితే టైమూ, కరెంటూ ఖర్చు. ఒకే పెట్టెతో అన్నీ చేయాలన్న ఆశ ఆ భారాన్ని ఇంకా పెంచింది. 2011లో వాహనాల రేడియోను రద్దు చేశారు. ఖానూన్ మాత్రం బతికింది. 2025 అక్టోబరులో మన దేశం కూడా ‘ఇండియన్ రేడియో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్’ పేరుతో తన ప్రమాణాన్ని విడుదల చేసింది.

2001లో వచ్చిన గ్నూ రేడియో సాదా దారి పట్టింది. చిన్న చిన్న ముక్కల్ని గొలుసులా కలపడమే దాని పద్ధతి. ఏ పెట్టె తగిలించారో మొదటి ముక్కకు తెలిస్తే చాలు. అందుకే 2012లో చవక టీవీ డాంగుల్ రేడియోగా పనికొస్తుందని తేలినప్పుడు, మొదటి ముక్క మార్చుకుంటే మిగతా గొలుసు దాదాపు అలాగే నడిచింది.

అయితే తెలుగులో రాసిన ‘ఖ్వాబ్’లో ‘ఖే’ అసలు శబ్దం కొంత పోతుంది. ఇక్కడా అంతే. ఆ డాంగుల్ వినగలదు గానీ పంపలేదు. మామూలుగా 24 మెగాహెర్ట్జ్‌కు దిగువన పట్టుకోదు. అబ్బాజాన్ విన్న షార్ట్‌వేవ్ స్టేషన్లు ఉండేది ఆ దిగువనే. ప్రోగ్రామ్ ఎంత ఆజాద్ అయినా పెట్టె హద్దు పెట్టెదే. ఆ హద్దు ఎక్కడుందో దాచకుండా చెప్పే డిజైనే ఈమాన్‌దార్ డిజైన్.