ఉప్పు సోలకు సారపప్పు సోల

2012 సెప్టెంబరులో యూపీఏ ప్రభుత్వం బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచినప్పుడు తృణమూల్ కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకుంది. డిసెంబరులో ఉభయ సభల్లోనూ ఓటింగు జరిగింది. రాజ్యసభలో తెలుగుదేశం సభ్యులు ముగ్గురు సరిగ్గా ఓటు వేళకు కనిపించకపోవడం ఆ నాటకంలో ఒక చిన్న అంకం. చర్చంతా ఇద్దరి చుట్టూ తిరిగింది: ఒకరు వీధి చివర కిరాణా కొట్టు యజమాని, రెండోవారు నగరంలో చవకగా సరుకు కోరుకునే వినియోగదారుడు. సరుకు అమ్ముకునేవాడి ప్రస్తావన వచ్చినా అది ‘రైతుకు మేలు’ అనే రెండు మాటలతో ముగిసింది. అడవిలో ఏరుకొచ్చి అమ్ముకునేవాడైతే ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లోని కాంగ్రెస్ ప్రభుత్వం ఆ విధానానికి సమ్మతి తెలిపింది. ఛత్తీస్‌గఢ్‌లోని భాజపా ప్రభుత్వం వ్యతిరేకించింది. ఈ రెండు వైఖరుల మధ్య సరిహద్దు గీత కొంటా దగ్గర పోయేది. శబరి ఒడ్డున ఉన్న ఈ ఊరు బస్తర్‌కు దక్షిణపు కొస. ఏరు దాటితే ఒడిశాలోని మోటు, రహదారి వెంట కొద్ది దూరం దిగితే చింతూరు. రాజధాని రాయపూర్ సరే, జగదల్‌పూర్ కంటే కూడా భద్రాచలమే దగ్గర. దోర్లలు, కోయలు, తెలుగు వర్తకులు కలిసే చోటు ఇది. పది లక్షల జనాభా దాటిన నగరాల్లోనే విదేశీ దుకాణాలు పెట్టాలన్నది నిబంధన కాబట్టి, సమ్మతించినా వ్యతిరేకించినా ఈ ఊరికి ఒరిగేదేమీ లేదు, పోయేదీ లేదు. అయినా చవక సరుకుల మహా దుకాణం ఎలా ఎదుగుతుందో అర్థం కావాలంటే పార్లమెంటు ప్రసంగాల కంటే కొంటా సంత చరిత్రే ఎక్కువ పనికొస్తుంది.

బస్తర్ వర్తక చరిత్ర అంతటికీ గుర్తుగా నిలిచిన మారకం ఒకటుంది. అది సోలెడు ఉప్పుకు సోలెడు సారపప్పు. సముద్రం ఎరుగని అడవికి ఉప్పు బయటినుంచే రావాలి. ఎద్దుల మీద ఉప్పు మోసుకొచ్చినవాడు ఒక్కడే, దాన్ని కొనక తప్పనివారు ఊళ్లకు ఊళ్లు. సారపప్పుకు మైదానంలో, మిఠాయి దుకాణాల్లో పలికే ధర అడవిలో ఎవరికీ తెలియదు. కొలపాత్ర వర్తకుడిది, దారి వర్తకుడిది, ధర ఎరుక కూడా వర్తకుడిదే. దీన్ని మోసం అనడం సులువే. కానీ కొలతలో ఒక్క గింజ తేడా లేకపోయినా ఆ బేరం అన్యాయమే అవుతుంది, ఎందుకంటే ఇక్కడ కొనేవాడూ అమ్మేవాడూ ఒకే మనిషి. ఉప్పు తనకు చవకగా దొరికిందో లేదో అతడికి తెలిసే మార్గం లేదు. తన సారపప్పు ఎంత చవకగా పోయిందన్నదే ఉప్పు అసలు ధర.

1910 భూంకాల్ తిరుగుబాటును అడవి రిజర్వుల మీద, వెట్టి మీద తిరుగుబాటుగానే చరిత్ర పుస్తకాలు చెబుతాయి. అది నిజం. కానీ ఆ ఫిబ్రవరిలో తిరుగుబాటుదారులు మొదట విరుచుకుపడిన చోట్లలో పుష్పాల్ బజారు ఒకటి. ఠాణాలతో పాటు వర్తకుల ఇళ్లు కూడా వారి దృష్టిలో రాజ్యమే.

ఇక అమెరికా సంగతి. శామ్ వాల్టన్ 1945లో ఆర్కన్సా రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో మరొకరి గొలుసు కింద ఒక చిన్న దుకాణం పెట్టాడు. అద్దె ఒప్పందం పొడిగించనందున దాన్ని వదులుకుని 1950లో బెంటన్‌విల్‌కు చేరాడు. 1962 జులైలో రోజర్స్ అనే చిన్న పట్టణంలో మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. అదే ఏడాది కేమార్ట్, టార్గెట్ కూడా మొదలయ్యాయి. అవి పెద్ద ఊళ్లను ఎంచుకుంటే వాల్టన్ పెద్ద కంపెనీలు పట్టించుకోని పట్టణాలను ఎంచుకున్నాడు. పోటీదారు లేని చోట మొదట చేరినవాడే ఊరికి సంత అవుతాడు. ముందు గిడ్డంగి కట్టి, లారీ ఒక్క రోజులో చేరగల దూరం లోపలే దుకాణాలు తెరవడం అతడి పద్ధతి. 1987కల్లా సొంత ఉపగ్రహ సమాచార వ్యవస్థ కూడా సిద్ధమైంది. ఏ ఊళ్లో ఏ వస్తువు ఎన్ని అమ్ముడుపోయాయో తయారీదారు కంటే ముందు దుకాణానికి తెలిసింది. దారి, గిడ్డంగి, ధర ఎరుక ఒకే చేతిలోకి వచ్చాయి.

ఆ చేతి బిగువు ఎంతటిదో వ్లాసిక్ దోసకాయ ఊరగాయ చెబుతుంది. గ్యాలన్ సీసాను వాల్‌మార్ట్ 2.97 డాలర్లకు అమ్మింది. సీసాలు కుప్పలుగా అమ్ముడుపోయాయి, తయారీదారుకు మాత్రం ఒక్కో సీసా మీద మిగిలింది అత్యల్పం. ధర పెంచుతామంటే వాల్‌మార్ట్ ఒప్పుకోలేదు, వదులుకుందామంటే అంత పెద్ద ఖాతాదారు మరొకరు లేరు. 2001లో వ్లాసిక్ దివాలా రక్షణ కోరింది. దానికి వేరే అప్పులూ ఉన్నాయి, నేరమంతా ఊరగాయ సీసాదే కాదు. అయితే అమ్మకం పెరిగేకొద్దీ అమ్మేవాడు చిక్కిపోవడం మాత్రం బస్తర్‌కు కొత్త కాదు.

పోలిక ఇక్కడితో ఆపాలి. అమెరికా కార్మికుడికి మరో దుకాణం ఉంది, సంఘం ఉంది, న్యాయస్థానం అందుబాటులో ఉంది. బస్తర్‌లో ఆ ఖాళీని నింపడానికి ప్రభుత్వమే వర్తకుడైంది. 1956లో ఆంధ్ర ప్రాంతంలో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఒక చేత్తో అటవీ ఉత్పత్తులు కొని, రెండో చేత్తో నిత్యావసరాలు అమ్మింది. 1964లో మధ్యప్రదేశ్ చట్టం చేసి తునికాకు వర్తకాన్ని ప్రభుత్వ పరం చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ కొనేవాడు ఒక్కడే అన్న స్థితి మారలేదు, ఆ ఒక్కడి పేరు మాత్రం షావుకారు నుంచి సర్కారుకు మారింది. ఆకు కోత కూలి నిర్ణయించే హక్కు కోసేవారికి రాలేదు. 1980 ప్రాంతంలో గోదావరి దాటి వెళ్లిన నక్సలైట్లు అక్కడ మొదట పట్టుకున్న సమస్య తునికాకు కట్టల ధరే కావడం యాదృచ్ఛికం కాదు. తుపాకీ కంటే ముందు బేరం వెళ్లింది.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక సంతలే యుద్ధక్షేత్రాలయ్యాయి. కొంటా చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, కొందరు అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు చేరారు. అనేక వారపు సంతలు మూతపడ్డాయి. లోపలి గ్రామాలకు సరుకు చేరితే మావోయిస్టులకు చేరినట్లేనని ఒక పక్షం భావిస్తే, రహదారి సంతకు వెళ్లినవాడు ఇన్ఫార్మరని రెండో పక్షం అనుమానించింది. ఉప్పు, నూనె కోసం మైళ్ల దూరం నడిచి ఆంధ్ర వైపు సంతలకు వచ్చిపోయిన కుటుంబాలకు ప్రజాస్వామ్యం, విప్లవం రెండూ ఒక మూట బరువుగా అర్థమయ్యాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు ప్రత్యేక పోలీసు అధికారుల వ్యవస్థ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. మూతపడిన సంతల గురించి దేశ రాజకీయాల్లో పెద్ద చర్చేమీ జరగలేదు. ఏడాది తిరిగాక పార్లమెంటు తలమునకలైనది వాల్‌మార్ట్ గురించి.

ఆ వాల్‌మార్ట్ 2013లో భారతీ సంస్థతో తెగదెంపులు చేసుకుంది. ముందు తలుపు గుండా దుకాణం పెట్టలేకపోయిన కంపెనీ 2018లో 1600 కోట్ల డాలర్లకు ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొని పక్క తలుపు గుండా వచ్చింది. విదేశీ చిల్లర వర్తకాన్ని వీధుల్లో వ్యతిరేకించిన పార్టీయే అప్పుడు ఢిల్లీలో అధికారంలో ఉంది. కొంటా దగ్గరి గీత కూడా ఈలోగా కదిలింది, 2014లో చింతూరు తెలంగాణకు కాక ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది.

గిరిజన ప్రాంతాల్లో చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం గ్రామసభదేనని 1996 పెసా చట్టం చెప్పింది, 2006 అటవీ హక్కుల చట్టం మళ్లీ చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లో పేద కుటుంబాలకు అయోడిన్ ఉప్పును రేషన్ దుకాణంలో ఉచితంగా ఇచ్చే పథకం వచ్చింది. సోలెడు సారపప్పు కొన్న ఆ ఉప్పుకు ఇప్పుడు ధర లేదు. సారగింజను మాత్రం పెంకుతోనే ఏరి పెంకుతోనే అమ్ముకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెంకు తీసి పప్పు చేసేటప్పుడు పెరిగే విలువ సంతలో కాటా పట్టుకున్నవాడి వైపుకే పోతోంది.