తలూపితే ఒప్పుకున్నట్టేనా?

మొన్నామధ్య వీడియో కాల్లో అవతలి దేశపు మేనేజరు ఏదో చెప్తుంటే మా టీమంతా తలూపాం. మేం ఊపింది "వింటున్నాం, చెప్పండి" అని. ఆయనకి అర్థమైంది "శుక్రవారానికి ఇచ్చేస్తాం" అని. రెండు శనివారాలు పోయాయి లెండి.

ఇంగ్లీషులో 'నాడ్' ఒక్కటే మాట. ఔననడం, పలకరించడం, అనుమతివ్వడం, వేలంలో పాట పాడటం, ఆఖరికి కునికిపాట్లు పడటం కూడా అదే. మనకి ఒక్కోదానికీ ఒక్కో మాటుంది. మెచ్చుకుంటే తల పంకిస్తాం, కథ వింటే ఊకొడతాం, అర్థంకాకుండానే సరేనంటే గంగిరెద్దు అంటారు. ఇన్ని మాటలున్నా, పెద్దాయన తలూపాడా లేదా అని మా గుంటూరు వాళ్ళు ఒకసారి తర్జనభర్జన పడాల్సొచ్చింది.

1921 నవంబరులో ఢిల్లీలో సమావేశమైన కాంగ్రెసు కమిటీ పన్నుల నిరాకరణకి ఒప్పుకుంది, కానీ షరతుల మీద: అహింస, ఖద్దరు, హిందూ ముస్లిం ఐక్యత, అంటరానితనం పోవడం. గుంటూరు జిల్లా రైతులు సిద్ధమయ్యారు. 1922 జనవరిలో గాంధీగారు కొండా వెంకటప్పయ్యగారికి ఉత్తరం రాశారు. సారాంశం ఏంటంటే, షరతులు నెరవేరకపోతే పన్ను ఆపొద్దు, అయితే అక్కడి సంగతి మీకే బాగా తెలుసు. ఇది ఔనా, కాదా? ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకోవచ్చు.

ఈలోపు పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు ఆపేశారు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. శాంతిసేన ఊరూరా తిరిగి గొడవలు రాకుండా చూసింది. సర్కారు ఆస్తులు జప్తు చేసి వేలం వేస్తే, పాట పాడటానికి తలూపే మనిషి దొరకలేదు!

ఫిబ్రవరి 4న ఎక్కడో చౌరీచౌరాలో పోలీసు స్టేషను తగలబడింది. 12న బార్డోలీలో ఉద్యమం ఆపాలని తీర్మానించారు. ఒక్క రాయి కూడా విసరని పెదనందిపాడు కూడా ఆగిపోయింది. ఉద్యోగాలు వదులుకున్నవాళ్ళు, జప్తులకి ఓర్చుకున్నవాళ్ళు చివరికి శిస్తు కట్టక తప్పలేదు.

గాంధీగారిది తప్పా ఒప్పా అనేది పెద్దల చర్చ. నాకు బాధనిపించేది ఒకటే. ఆ ఉత్తరంలో "ఊఁ" అనో "ఊహూఁ" అనో ఒక్క ముక్క తేల్చి ఉంటే, ఏం చేస్తున్నారో తెలిసే ఆ రైతులు దిగేవాళ్ళు, లేదా ఆగేవాళ్ళు.

మా టీములో ఇప్పుడు రూలు మార్చాం. తలూపడాలు లేవు, నోరు విప్పి చెప్పాల్సిందే. మీ దగ్గరెలా ఉందేంటి?