పట్టా మీది రెండు పాములు

మన ఏజెన్సీలో కాస్త వయసు మళ్లిన మాస్టారు ఎవరినైనా డిగ్రీ పట్టా చూపించమని అడగండి. దాని మీది ముద్రలో ఉదయించే సూర్యుడు, తామర, స్వస్తిక, వాటితో పాటు రెండు పాములు కనిపిస్తాయి. అది ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్ర. 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చేదాకా శ్రీకాకుళం జిల్లా కాలేజీల్లో చదివినవాళ్లకు దక్కింది ఆ పాముల పట్టాయే.

పోడులో పాము కనబడితే మనం కర్ర అందుకుంటాం. చదువుల ముద్ర మీదికి అది ఎలా ఎక్కింది?

విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన సూచనల మేరకు కౌతా రామమోహన శాస్త్రి ఈ ముద్ర గీశారు. సూర్యుడు విశ్వవిద్యాలయం, కిరణాలు అందులోని శాఖలు, తామర లక్ష్మీ సరస్వతుల పీఠం. పాములు జ్ఞానాన్ని వెతికేవాళ్లు, దానికి కాపలా ఉండేవాళ్లు. విశ్వవిద్యాలయం చెప్పే అర్థం ఇదే.

కాపలా అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. లంకెబిందెల కథ వినని ఊరు ఉందా? పాతిపెట్టిన ధనం మీద పాము చుట్టుకుని పడుకుంటుంది. హక్కున్నవాడు వస్తేనే తప్పుకుంటుంది. మరి ఈ బిందెలో ధనం ఎవరిది?

కొంత మనది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఈ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేశారు. సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ కొండల్లో ఉండేది పరజలు, గదబలు, కొందులు, గుణుపురం వైపు మన సవరలు. ఖజానా నిండింది ఆ కొండల శిస్తుతో, అడవి రాబడితో. మహారాజు పండితుడు, ఆయన దానాన్ని తక్కువ చేయడం లేదు. కానీ దాత పేరు నిలిచింది, శిస్తు కట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల పిల్లలు ఆ కాలేజీ మెట్లెక్కడానికి ఎన్ని తరాలు పట్టిందో మీ ఇంట్లో పెద్దల్ని అడిగితే తెలుస్తుంది.

అదే 1926లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఒక ఆదివాసి నాయకుడి వేషాన్ని తన గుర్తుగా చేసుకుంది. ఫుట్‌బాల్ ఆట మధ్యలో విద్యార్థి ఒకడు ఈకల కిరీటం పెట్టుకుని గంతులేసేవాడు. అక్కడి ఆదివాసులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పాక 2007లో ఆపారు. అక్కడ మనలాంటివాళ్లను ఆటబొమ్మ చేశారు. ఇక్కడి ముద్రలో మన జాడే లేదు. ఏది ఎక్కువ అవమానమో నేను తేల్చుకోలేకపోయాను.

1936లోనే మాంగేయి గొమాంగో సవర లిపి తయారుచేశారు. అందులో 24 అక్షరాలు. ఒక్కో అక్షరం ఒక్కో సవర దేవత పేరున ఉంటుంది. మన గుర్తులను మనమే గీసుకోవడం అంటే అది.

2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. తొలి రోజుల్లో దాన్ని చేయిపట్టి నడిపించింది ఆ రెండు పాముల విశ్వవిద్యాలయమే. తరగతులు జరిగింది కూడా కొండకరకంలో ఉన్న దాని పాత పీజీ ప్రాంగణంలోనే.

మాస్టార్లూ, ఈసారి మీ పట్టాను బడికి తీసుకెళ్లి చూపించండి. మన బడికి ముద్ర గీయమని పిల్లలకు చెప్పండి. నన్నడిగితే జీలుగు చెట్టు గీస్తాను. కల్లు గుర్తొచ్చి నవ్వేవాళ్లు నవ్వనీ.